మళ్లీ రావచ్చు

తొలి క్రైస్తవులను ఒక ప్రశ్న వేధించింది. జ్ఞానస్నానంతో పాత పాపాలన్నీ పోతాయి, సరే. ఆ తర్వాత కాలు జారితే? జ్ఞానస్నానం రెండోసారి ఇవ్వరు. 2వ శతాబ్దంలో రోమ్‌లో హెర్మాస్ అనే విశ్వాసి ఒక పుస్తకం రాసి, ఇంకొక్క అవకాశం ఉందని ధైర్యం చెప్పాడు. అయితే అదొక్కటే. ఆపైన లేదు.

క్రీ.శ. 250లో ఆ ప్రశ్న గుమ్మంలోకే వచ్చి నిలబడింది. అందరూ రోమన్ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు పత్రం తీసుకోవాలని డీసియస్ చక్రవర్తి ఆజ్ఞ వేశాడు. ప్రాణభయంతో ఎందరో క్రైస్తవులు లొంగిపోయారు. గండం గడిచాక వాళ్లే ఏడుస్తూ తిరిగొచ్చారు. వీళ్లను క్షమించే అధికారం సంఘానికి లేదన్నాడు రోమ్‌లో నొవేషియన్. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ పీఠాధిపతి సిప్రియన్ మనసు అందుకు ఒప్పలేదు. 251లో ఆయన తోటి పీఠాధిపతులను కూడగట్టాడు. నిజంగా పశ్చాత్తాపపడేవారికి తలుపు మూయకూడదని వాళ్లు తేల్చారు.

దారి దొరికింది కానీ ఆ దారిలో అన్నీ ముళ్లే. గోనెపట్ట కట్టుకుని, తలమీద బూడిద పోసుకుని, దివ్యసత్ప్రసాదానికి దూరంగా, అందరి కళ్లముందూ నిలబడాలి. థెస్సలొనీకలో జనాన్ని ఊచకోత కోయించిన థియొడోసియస్ చక్రవర్తికి కూడా అది తప్పలేదు. మిలాన్ పీఠాధిపతి ఆంబ్రోస్ పట్టుపట్టడంతో, 390లో ఆయన రాజచిహ్నాలు తీసేసి గుడిలో కన్నీరు పెట్టుకున్నాడు.

పైగా ఈ ప్రాయశ్చిత్తం జన్మకొక్కసారే. ఇప్పుడే వాడేసుకుంటే రేపు మళ్లీ పడినప్పుడు గతేమిటి? ఆ భయంతో జనం దాన్ని చివరి ఘడియకు దాచుకోవడం మొదలుపెట్టారు. బతుకును బాగుచేయాల్సిన మందు చావుమంచం దగ్గరికి చేరింది.

జవాబు ఎవరూ వెతకని చోట మొలిచింది. ఐర్లండ్ రోమన్ సామ్రాజ్యం ఏనాడూ ఏలని ద్వీపం. అక్కడ నగరాలు లేవు. విశ్వాసమంతా మఠాల చుట్టూ అల్లుకుంది. మఠంలోని సన్యాసులు తమ తప్పులను ఒక పెద్దాయనకు ఏకాంతంలో చెప్పుకునేవారు. ఆయన్ని ఆత్మమిత్రుడు అనేవారు. మెల్లగా చుట్టుపక్కల జనానికీ ఈ అలవాటు అబ్బింది. ఏ తప్పుకు ఎన్నాళ్లు రొట్టె, నీళ్లతో ఉపవాసం ఉండాలో చిన్న చిన్న పుస్తకాలు రాసుకున్నారు. వాటిలో పాపం గాయం, ప్రాయశ్చిత్తం మందు. గాయం రేగినప్పుడల్లా వైద్యుడి దగ్గరికి వెళ్లినట్టే ఇక్కడికీ వెళ్లవచ్చు.

ఇంత చనువు కొందరికి రుచించలేదు. తప్పు చేసిన ప్రతిసారీ క్షమాపణ కోరడమేమిటని 589లో స్పెయిన్‌లోని టొలేడో మహాసభ మండిపడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కొలంబానస్ అనే ఐరిష్ సన్యాసి సహచరులతో సముద్రం దాటి, నేటి ఫ్రాన్స్‌లో అడుగుపెట్టాడు. లుక్సై అనే చోట మఠం కట్టాడు. తన ఊరి పద్ధతిని అక్కడి జనానికి నేర్పాడు. సభలు కాదన్నదాన్ని జనం గుండెకు హత్తుకున్నారు.

చివరికి 1215లో పోపు మూడవ ఇన్నోసెంట్ పిలిచిన లాటరన్ మహాసభ, ప్రతి విశ్వాసీ ఏడాదికి కనీసం ఒకసారి గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవాలని శాసించింది. విన్నది బయటపెట్టిన గురువును పదవి నుంచి తొలగించి, జీవితాంతం మఠంలో ప్రాయశ్చిత్తం చేయించాలని కూడా చెప్పింది. 16వ శతాబ్దంలో మిలాన్ అగ్రపీఠాధిపతి చార్లెస్ బొరొమేయో, చెప్పేవారికీ వినేవారికీ మధ్య చిల్లుల పలక పెట్టించాడు. సిగ్గుపడే మనిషికి అదొక చాటు.

తెలుగు కతోలికులు దీన్ని పాపసంకీర్తనం అంటారు. మన విచారణ గుడిలో పాపసంకీర్తనం చేసి లేచిన అవ్వ, కొంగుతో కళ్లు తుడుచుకుని ఇంటికి వెళుతుంది. వచ్చే నెల మళ్లీ వస్తుంది. ఆమెకు ఆ ‘మళ్లీ’ దక్కడానికి శతాబ్దాలు పట్టింది.