వేదిక నుండి వ్యోమం వరకు: విద్యాస్థానాలలో అన్వేషణ చరిత్ర

శ్రౌతసంప్రదాయంలో మూడు అగ్నులకు మూడు ఆకారాలు ప్రసిద్ధం. గార్హపత్యం వృత్తాకారం, ఆహవనీయం చతురస్రం, దక్షిణాగ్ని అర్ధచంద్రాకారం. ఆకారాలు భిన్నమైనా మూడింటి వైశాల్యం సమానంగా ఉండాలి. ఈ విధిని పాటించదలచిన యజమానికి ఒక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. చతురస్రంతో సమానమైన వృత్తాన్ని నేలపై గీయటం ఎట్లా? కేవలం భక్తి ఈ ప్రశ్నకు సమాధానం చెప్పదు. త్రాడు, మేకులు, గణితం కావాలి. శుల్బమంటే త్రాడు. ఆ త్రాటి శాస్త్రమే శుల్బసూత్రాలుగా రూపొందింది.

దీర్ఘచతురస్రపు కర్ణంపై ఏర్పడే వైశాల్యం దాని రెండు భుజాలపై ఏర్పడే వైశాల్యాల మొత్తానికి సమానమని బోధాయనుడు సూత్రీకరించాడు. చతురస్రపు కర్ణాన్ని కనుగొనుటకు ఆయన ఇచ్చిన విధానం నేటి సంకేతాలలో 577/408 అవుతుంది. ఈ విలువ ఐదు దశాంశస్థానాల వరకు యథార్థవిలువతో ఏకీభవిస్తుంది. శ్యేనచితిలో ప్రస్తారానికి 200 చొప్పున ఐదు ప్రస్తారాలలో 1000 ఇటుకలు పేర్చాలి. ఒక వరుస సంధులపై మరొక వరుస సంధులు పడరాదు. కర్మ నిర్దుష్టంగా జరగాలన్న శ్రద్ధయే ఇక్కడ రేఖాగణితానికి జన్మనిచ్చింది. శ్రద్ధ, జిజ్ఞాస పరస్పరవిరోధులు కావని చరిత్ర చూపే ప్రథమ నిదర్శనం ఇది.

వేదరక్షణకై ఏర్పడిన ఆరు అంగాలను పరిశీలిస్తే మరొక సత్యం గోచరిస్తుంది. లక్ష్యం ఒక్కటే అయినా ఏ అంగం మార్గం దానిదే. శిక్ష కంఠతాల్వాది స్థానాలను, ప్రయత్నాలను పరిశీలిస్తుంది. దాని పరీక్షాస్థలం మనిషి నోరు. వ్యాకరణానికి ప్రమాణం శిష్టప్రయోగం. ఛందస్సు అక్షరాలను గణిస్తుంది. నిరుక్తం అర్థాన్ని అన్వేషిస్తుంది. కల్పం ప్రయోగక్రమాన్ని నిర్ణయిస్తుంది. జ్యోతిషానికి సాక్షులు సూర్యచంద్రులు. నేడు భౌతికశాస్త్రాలనీ మానవీయశాస్త్రాలనీ వేరుచేసి చెప్పే విద్యలు అక్కడ ఒకే పంక్తిలో కూర్చున్నాయి. ఒకదాని పద్ధతిని మరొకదానిపై రుద్దలేదు, ఏ ఒక్కటీ మిగిలిన వాటిని తక్కువ చేయలేదు.

వ్యాకరణచరిత్ర ఈ విషయంలో అత్యంత బోధప్రదం. పాణిని అష్టాధ్యాయి దాదాపు 4000 సూత్రాల మహానిర్మాణం. తరువాత కాత్యాయనుడు వార్తికాలు రచించి, సూత్రాలలో చెప్పనివాటిని, సరిగా చెప్పబడనివాటిని ఎత్తిచూపాడు. పతంజలి తన మహాభాష్యంలో ఆ ఇరువురి వాక్యాలను తిరిగి విచారించాడు. ఈ ముగ్గురినీ వైయాకరణులు మునిత్రయమని నమస్కరిస్తారు. అయితే వారి మధ్య అభిప్రాయభేదం కలిగినచోట ఎవరిది ప్రమాణం? పూర్వుని కంటె పరునికి ప్రామాణ్యం అధికమని వైయాకరణ సంప్రదాయం నిర్ణయించింది. పాణినిపై గౌరవం లేశమాత్రమూ తగ్గలేదు. ఆయన సూత్రాలను ఇప్పటికీ ఆమూలాగ్రం కంఠస్థం చేస్తారు. పరిశీలన కొనసాగవలసినదే అన్న అంగీకారం ఆ గౌరవంలో అంతర్భాగంగా నిలిచింది.

పింగళుని ఛందశ్శాస్త్రం బాహ్యంగా కవిత్వానికి సంబంధించినది. గురులఘువుల భేదంతో ఒక పాదానికి ఎన్ని రూపాలు సంభవిస్తాయన్న ప్రశ్న వేయగానే అది గణితంలోకి ప్రవేశించింది. ఎనిమిది అక్షరాల పాదానికి 256 రూపాలు సంభవిస్తాయి. ఆ రూపాలన్నింటినీ క్రమంగా వ్రాసే పద్ధతి ప్రస్తారం. వరుససంఖ్యను బట్టి రూపాన్ని చెప్పటం నష్టం, రూపాన్ని బట్టి వరుససంఖ్యను చెప్పటం ఉద్దిష్టం. దశమశతాబ్దికి చెందిన వ్యాఖ్యాత హలాయుధుడు మేరుప్రస్తారాన్ని విశదీకరించాడు. సాహిత్యం నుండి గణితానికి మార్గం ఇంత సహజంగా ఏర్పడింది.

నిరుక్తంలో యాస్కుడు చూపిన ధైర్యం స్మరణీయం. మంత్రాలకు అర్థమే లేదన్న కౌత్సుని వాదాన్ని ఆయన దాచలేదు. ఒక్కొక్క ఆక్షేపాన్ని తన గ్రంథంలోనే నమోదుచేసి, ఒక్కొక్కదానికి సమాధానం చెప్పాడు. వృత్రుడెవరన్న ప్రశ్నకు నైరుక్తులు మేఘమన్నారని, ఐతిహాసికులు త్వష్ట కుమారుడైన అసురుడన్నారని రెండింటినీ పాఠకుని ముందుంచాడు. అశ్వినులు ద్యావాపృథువులా, అహోరాత్రాలా, సూర్యచంద్రులా, పుణ్యాత్ములైన రాజులా అన్న మతభేదాలనూ అట్లే నమోదుచేశాడు. వేదంపై పరమశ్రద్ధ గల ఋషితుల్యుడు వేదార్థాన్ని గూర్చిన ప్రతికూలవాదాన్ని భద్రపరచినందువల్లనే ఆ వాదం నేటికీ మనకు తెలుస్తున్నది.

ఈ స్వభావాన్నే మీమాంసకులు శాస్త్రీయరూపంలో స్థిరపరిచారు. ప్రతి అధికరణంలో విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అనే అంగాలుంటాయి. సంశయం లేనిచోట విచారం లేదు. పూర్వపక్షాన్ని దుర్బలంగా చెప్పి ఖండించటం విజయంగా పరిగణింపబడదు. ప్రతివాది స్వయంగా చెప్పుకొనేదాని కంటె బలంగా అతని పక్షాన్ని నిలిపి, ఆపై సమాధానం చెప్పినవానికే గౌరవం. వేదాంత, న్యాయ, ధర్మశాస్త్రాలన్నీ ఈ పరిపాటినే స్వీకరించాయి.

ఆయుర్వేదం ప్రత్యక్షాన్ని ఆశ్రయించింది. శవస్పర్శ ఆశౌచహేతువైన సమాజంలోనే, శల్యవైద్యుడు కావలసినవాడు మృతశరీరాన్ని పరిశీలించి తీరాలని సుశ్రుతసంహిత విధించింది. శరీరాన్ని తృణాదులతో చుట్టి, వేగం లేని ప్రవాహంలో ఏడు రాత్రులు ఉంచి, అనంతరం కూర్చలతో మెల్లగా రుద్దుతూ చర్మం మొదలుకొని లోపలి అవయవాలను క్రమంగా కంటితో చూడాలన్నది ఆ విధానం. కన్నది, శాస్త్రంలో విన్నది రెండూ కలిస్తేనే జ్ఞానం వృద్ధి పొందుతుందని సుశ్రుతుని మతం. ఒక్క శాస్త్రమే చదివినవాడు ఆ శాస్త్రాన్ని సైతం నిశ్చయంగా తెలియజాలడని, వైద్యుడు బహుశ్రుతుడు కావాలని కూడ ఆ సంహిత హెచ్చరించింది. చరకసంహిత విద్వత్సంభాషను రెండు విధాలుగా విభజించింది. ఒకటి మైత్రితో సత్యాన్వేషణ కొరకు జరిగేది, రెండవది జయాపేక్షతో జరిగేది. ఏ సభలో ఏది జరుగుతున్నదో గుర్తించే వివేకం పండితునికి అవసరమన్నది.

జ్యోతిషంలో అన్వేషణ శతాబ్దాల పర్యంతం సాగింది. లగధుని వేదాంగజ్యోతిషం ఐదు సంవత్సరాల యుగానికి 1830 దినాలు, 62 చాంద్రమాసాలు స్వీకరించింది. చంద్రగతి విషయంలో ఈ గణన యథార్థానికి సమీపం. సూర్యగతి విషయంలో యుగానికి దాదాపు నాలుగు దినాల వ్యత్యాసం వస్తుంది. తరువాతి సిద్ధాంతకర్తలు దీనిని సవరించారు. 499లో ఇరవైమూడేళ్ల వయస్సులో ఉన్నట్లు చెప్పుకొన్న ఆర్యభటుడు భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నదన్నాడు. 628లో బ్రహ్మగుప్తుడు ఆ మతాన్ని తీవ్రంగా ఖండించాడు. అయినా అదే బ్రహ్మగుప్తుడు 665లో ఆర్యభటుని పద్ధతిని అనుసరించి ఖండఖాద్యకమనే కరణగ్రంథం రచించాడు. ప్రాచీనకాలంలో అయనారంభం ఏ నక్షత్రంలో చెప్పబడిందో, తనకాలంలో ఎక్కడ కనిపిస్తున్నదో వరాహమిహిరుడు పోల్చి చూపి, ప్రత్యక్షపరిశీలనతో నిర్ణయించుకొమ్మన్నాడు. యవనుల జ్యోతిషజ్ఞానాన్ని కూడ ఆయన ఆదరంతో స్మరించాడు.

కేరళదేశంలో పరమేశ్వరుడు దీర్ఘకాలం గ్రహణాలను పరిశీలించి 1431లో దృగ్గణితాన్ని ప్రతిపాదించాడు. నీలకంఠుడు 1500 ప్రాంతంలో తంత్రసంగ్రహాన్ని రచించాడు. ఆయన పేరు చివర ఉన్న సోమయాజి శబ్దం గమనార్హం. సోమయాగం చేసిన ఆహితాగ్నియే గ్రహగతులను సంస్కరించాడు. గణితం దృష్టికి విసంవదిస్తే గణితాన్నే పరీక్షించి సరిదిద్దాలని జ్యోతిర్మీమాంసలో ఆయన వాదించాడు. దైవానుగ్రహమంటే బుద్ధి నిర్మలం కావటమేనని, ఆ నిర్మలబుద్ధితో పరీక్ష చేయవలసినవాడు మనుష్యుడేనని ఆయన ఆశయం.

తెలుగునేల కూడ ఈ పరంపరకు తన భాగాన్ని సమర్పించింది. మెదకు ప్రాంతపు కొలచాలానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసాది మహాకవుల కావ్యాలకు వ్యాఖ్యానాలు వ్రాస్తూ, ఆధారం లేనిది వ్రాయనని, అవసరం లేనిది చెప్పనని నియమం పెట్టుకొన్నాడు. కావ్యవ్యాఖ్యలో వ్యాకరణం, కోశం, అలంకారం, ధర్మశాస్త్రం ఎక్కడ ఏది ప్రమాణమో అక్కడ దానినే ఉదాహరించాడు. ఏ విద్యలోనైనా పరిశోధకునికి ఇంతకంటె సంక్షిప్తమైన నియమావళి దుర్లభం.

ఈ చరిత్ర నేటి ఆస్తికులకు ఎందుకు ముఖ్యం? తెలుగునాట ఒకే పండుగ కొన్ని సంవత్సరాలలో రెండు దినాలుగా విడిపోతున్నది. పూర్వపద్ధతి పంచాంగమొకటి, దృక్సిద్ధాంత పంచాంగమొకటి చెప్పే తిథ్యంతాల భేదమే దీనికి ముఖ్యహేతువు. అప్పుడు ఒక పక్షం ఎదుటివారిని సంప్రదాయద్రోహులంటుంది, మరొక పక్షం అజ్ఞానులంటుంది. పరమేశ్వర నీలకంఠులను స్మరించినవారు ఈ రెండు మాటలూ పలుకజాలరు. గణితాన్ని సవరించటం సంప్రదాయభంగమైతే లగధుని అనంతరం వచ్చిన ఆచార్యులందరూ భంగకర్తలే కావాలి. అట్లే ప్రాచీనగణనలో నేడు వ్యత్యాసం కనిపించినంత మాత్రాన ఆ గణకుని అజ్ఞాని అనటం, ఏ సోపానంపై నిలిచి మాట్లాడుతున్నామో మరచిపోవటమే. సమస్తమూ వేదంలో ఉన్నదని చెప్పి శ్రమను మానుకొనేవారు, ప్రాచీనమంతా త్యాజ్యమని చెప్పి అధ్యయనాన్ని మానుకొనేవారు, ఇరువురూ ఒకే ప్రమాదంలో పడుతున్నారు. ఇరువురి యందూ లోపించినది విచారమే.

విద్యావైవిధ్యానికి ఒక అవధిని కూడ ఋషులు గుర్తించారు. ఛాందోగ్యోపనిషత్తులో నారదుడు సనత్కుమారుని చెంతకు వెళ్లి, తాను అభ్యసించిన వేదాలను, ఇతిహాసపురాణాలను, గణితాన్ని, తర్కాన్ని, నక్షత్రవిద్యను, మరెన్నింటినో వరుసగా చెప్పాడు. ఇన్ని తెలిసినా తాను శబ్దమాత్రం ఎరిగినవాడనని, ఆత్మను ఎరుగనందున శోకం తీరలేదని విన్నవించాడు. సనత్కుమారుడు ఆ విద్యలను నిందించి త్రోసివేయలేదు. నామం మొదలుకొని ఒక్కొక్క మెట్టు ఎక్కిస్తూ భూమ వరకు తీసుకొనిపోయాడు. ముండకోపనిషత్తులోనూ అంగిరసుడు తెలియదగిన విద్యలు పర, అపర అని రెండన్నాడే గాని, అపరను తెలియవద్దనలేదు. త్రాటితో వేదిని కొలిచినవాడు, నదీతీరాన శరీరాన్ని పరిశీలించినవాడు, గ్రహణం కొరకు రాత్రంతా ఆకాశాన్ని చూచినవాడు, ముగ్గురూ అపరావిద్యలో సత్యనిష్ఠను అభ్యసించారు. చిన్న సత్యం ఎదుట వినయంతో తన మతాన్ని సవరించుకొనగలిగిన బుద్ధికే పరమసత్యం ఎదుట అహంకారాన్ని విడిచే యోగ్యత కలుగుతుంది.

ఇతి శమ్.