జనవరి 26 వెనుక ఒక ఆదివారం

ఒకే తేదీన రెండు పెద్ద ఘటనలు జరిగాయంటే దైవఘటన అనుకోవడం మనకు అలవాటు. నిజానికి ఇలాంటి జంటల్లో చాలావాటిని కలిపింది మనుషులే. మన జనవరి 26 అందుకు గట్టి సాక్ష్యం. 1929 డిసెంబరులో లాహోరులో, రావి ఒడ్డున, నెహ్రూ అధ్యక్షతన కాంగ్రెసు సంపూర్ణ స్వరాజ్యమే ధ్యేయమని తీర్మానించింది. ఊరూరా జనం చేత ప్రతిజ్ఞ చేయించడానికి జనవరి ఆఖరి ఆదివారాన్ని ఎంచుకున్నారు. 1930లో అది 26వ తేదీన పడింది. అంతే, అంతకు మించిన ముహూర్తబలం ఆ అంకెకు లేదు. బలమంతా తర్వాత వచ్చింది: ఏటేటా అదే రోజున జెండా ఎగరేసి, ప్రతిజ్ఞ చదివి, లాఠీదెబ్బలు తిన్నవాళ్లు ఇచ్చింది. తీరా స్వాతంత్ర్యం ఆగస్టు 15న వచ్చింది. జపాన్ లొంగుబాటుకు రెండేళ్లు నిండే రోజని వైస్రాయి మౌంట్‌బాటెన్ ఎంచిన తేదీ అది. ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనాధిపతిగా పనిచేసిన ఆయనకు అది విజయదినం. జనం పదిహేడేళ్లు తమదిగా జరుపుకున్న తేదీ మాత్రం పక్కన పడింది.

దాన్ని నిలబెట్టింది రాజ్యాంగ సభ. రాజ్యాంగాన్ని 1949 నవంబరు 26న ఆమోదించినా, అందులో చాలా భాగం 1950 జనవరి 26 నుంచే అమల్లోకి వస్తుందని 394వ అధికరణలో రాసుకున్నారు. ఏర్పాట్లకు ఎలాగూ రెండు నెలలు పట్టేదని ఎవరైనా అనవచ్చు. పట్టేదే. కానీ పౌరసత్వం, ఎన్నికల సంఘం వంటి అధికరణలు ఆమోదించిన రోజునే అమలయ్యాయి. మిగతావాటికి గడువు పెట్టాల్సి వచ్చినప్పుడు జనవరి 1 కూడా చేతికందే తేదీయే. దాన్ని వదిలి 26నే పట్టుకున్నారంటే, పోరాటానికి బాకీ తీర్చాలన్న పట్టుదలే కారణం.

మరి ఎవరూ కలపకుండా కలిసినవి లేవా? ఉన్నాయి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు యాభై ఏళ్లు నిండిన 1826 జులై 4నే, ఆ ప్రకటన రూపకల్పనలో పాలుపంచుకున్న జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఇద్దరూ కన్నుమూశారు. ఒకరికి 90 ఏళ్లు, ఇంకొకరికి 83. వాళ్లిద్దరూ ఒక వారం తర్వాత ఒకే రోజున పోయి ఉంటే అది ఇంత పెద్ద ముచ్చట అయ్యేది కాదు. దేశం అప్పటికే పండుగగా చేసుకున్న తేదీ కాబట్టే ఆ మరణాలకు అర్థం కనబడింది. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టిందీ జులై 4నే. ఆ రోజున అల్లూరి విగ్రహానికి దండ వేసే మన్యంవాసికి ఆడమ్స్‌తో, జెఫర్సన్‌తో పనిలేదు.