‘ఓపెన్’ అన్న మాటకు అర్థం

గోల్ఫ్‌లోని నాలుగు ప్రధాన పోటీల్లో అన్నిటికన్నా పాతదాన్ని ‘బ్రిటిష్ ఓపెన్’ అని రాయడం తెలుగు పత్రికల్లోనూ అలవాటైపోయినప్పటికీ, దాని అసలు పేరు ‘ది ఓపెన్ ఛాంపియన్‌షిప్’ మాత్రమే.

స్కాట్లండ్‌లో సాటిలేని ఆటగాడిగా పేరొందిన అలన్ రాబర్ట్‌సన్ 1859లో మరణించగా, ఆయన స్థానానికి తగినవాడెవరో తేల్చడానికి ప్రెస్ట్‌విక్ క్లబ్బు 1860 అక్టోబరు 17న పోటీ పెట్టింది. 12 హోల్స్, అంటే బంతిని చేర్చవలసిన గుంతలు, ఉన్న ఆ మైదానాన్ని ఒకే రోజున మూడుసార్లు చుట్టివచ్చిన ఎనిమిది మందిలో విల్లీ పార్క్ 174 షాట్లతో నెగ్గి, వెండి బకిల్ ఉన్న ఎర్రతోలు బెల్టును అందుకున్నాడు. అయితే ఆ ఎనిమిది మందీ ప్రొఫెషనల్స్, అంటే బంతులు, కర్రలు తయారుచేస్తూ, మైదానాన్ని చూసుకుంటూ, క్లబ్బు సభ్యుల కర్రలు మోస్తూ ఆట మీదే బతికేవారు. కనుక మొదటి ఏడు జరిగినది నిజానికి ‘ఓపెన్’ కానేకాదు. 1861లో పోటీ ప్రపంచమంతటికీ తెరిచి ఉంటుందని ప్రకటించి, డబ్బు కోసం కాక ఇష్టం కొద్దీ ఆడే అమెచ్యూర్లను కూడా రానిచ్చిన తరువాతే ఆ మాటకు అర్థం వచ్చింది. ఎవరు ఆడవచ్చునో చెప్పే పేరే తప్ప, ఎక్కడ ఆడతారో చెప్పే పేరు కాదది.

1895లో అమెరికా తన ఓపెన్‌ను ప్రారంభించాక, అక్కడివారికి రెండింటినీ వేరుచేసి చెప్పడానికి ఒక విశేషణం అక్కరకు వచ్చింది. ఆ సౌకర్యాన్ని తప్పుపట్టనక్కరలేదు గాని, దాన్నే అసలు పేరుగా స్థిరపరిస్తే 1861 నాటి ఆ నిర్ణయం మరుగున పడుతుంది. పైగా 1894లో శాండ్‌విచ్‌కు వెళ్లేవరకు ఈ పోటీ స్కాట్లండ్ దాటలేదు. 1951లో, మళ్లీ 2019లో జరిగిన పోర్ట్‌రష్ ఉత్తర ఐర్లండ్‌లోది, గ్రేట్ బ్రిటన్ దీవి మీద లేనిది. మహిళల పోటీ పేరులో నిలిచి ఉన్న ‘బ్రిటిష్’ను కూడా 2020లో తొలగించారు.

విజేతకిచ్చే వెండి కూజాను లోకమంతా ‘క్లారెట్ జగ్’ అంటున్నా, దాని అధికారిక నామం ‘గోల్ఫ్ ఛాంపియన్ ట్రోఫీ’. దాన్ని అందించే వేళ విజేతను ‘ఛాంపియన్ గోల్ఫర్ ఆఫ్ ది ఇయర్’ అని ప్రకటిస్తారు. రాబర్ట్‌సన్ పోయిన మరుసటి ఏడు ప్రెస్ట్‌విక్ వెతికినది అటువంటి ఆటగాడినే.