ధడ్కన్ ఉంటే జాన్ ఉన్నట్టేనా?

చిన్నప్పుడు నడికుడిలో ఒక బక్రీద్ రోజు, అప్పుడే కోసిన మేక గుండెను అబ్బా నా అరచేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది. రెండుమూడుసార్లు అదిరింది. భయపడి వదిలేశాను. ‘‘జాన్ పోయింది బేటా, ధడ్కన్ ఇంకా పోలేదు’’ అన్నాడు.

మూడేళ్ల కింద మా చిన్న మామూ బండి మీద నుంచి పడ్డాడు. దవాఖానాలో మిషన్ మీద గుండె కొట్టుకుంటూనే ఉంది. డాక్టర్లు మాత్రం మెదడు చనిపోయింది, అవయవాలు ఇస్తారా అనడిగారు. ‘‘దిల్ కొట్టుకునేటోడికి మౌత్ అంటారేంది సాబ్?’’ అని అమ్మీ ఏడ్చింది. మేం ఇవ్వలేదు. ఆ సవాల్ మాత్రం నన్ను వదల్లేదు. దాని వెంట చదువుకుంటూ పోతే అది నన్ను కృష్ణ దాటించి హైదరాబాద్‌కు తీసుకెళ్లింది.

అప్పట్లో కృష్ణకు ఇవతల మాది అంగ్రేజుల ఇలాఖా, అవతల నిజాం సర్కార్. క్లోరోఫాం ఇస్తే కొందరు ఆపరేషన్ బల్ల మీదే పోయేవాళ్లు. ముందు ఆగేది సాంసా, దిలా? సాంసే అన్నాడు హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. 1888లో ఒక కమిషన్ కూర్చుంది. లాన్సెట్ పత్రిక నమ్మలేదు. 1889లో రెండోది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను పిలిపించాడు. కుక్కలు, కోతులు, మేకలు... వందల జానవర్ల మీద తజ్రుబా చేశారు. ఫైసలా ఏమంటే, సాంసే ముందు ఆగుతుంది; నబ్జ్ కాదు, ఊపిరి చూడండి.

కానీ ఒకే ఒంట్లో గుండె, ఊపిరి, మెదడు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఏది ముందు పడిందో తేలాలంటే విడదీయాలి. ఆ పని జర్మనీలో అప్పటికే మొదలైంది. 1866లో లైప్‌జిగ్‌లో, లుడ్విగ్ ప్రయోగశాలలో, సియోన్ కప్ప గుండెను తీసి గాజుగొట్టాలకు కట్టి కొట్టుకునేలా చేశాడు. 1880ల్లో లండన్‌లో సిడ్నీ రింగర్ ఉప్పునీళ్లతో గుండెను నడిపించాడు. ఆ నీళ్లు కుళాయివైతే గుండె నడిచింది, స్వచ్ఛమైన డిస్టిల్డ్ వాటరైతే నీరసించింది. తేడా కుళాయి నీళ్లలోని కాల్షియం. మా పక్కన పిడుగురాళ్ల బట్టీల్లో కాలే సున్నంలో ఉన్నది కూడా అదే!

1893లో గాస్కెల్, షోర్ హైదరాబాద్ ఫైసలాను పరీక్షకు పెట్టారు. ఒక జంతువు మెదడుకు ఇంకో జంతువు రక్తం అందించి, క్లోరోఫాం గుండెకు వేరుగా, మెదడుకు వేరుగా చేరేలా చూశారు. గుండెకు చేరితే గుండే బలహీనపడింది. 1895లో లాంగెండార్ఫ్ పాలిచ్చే జంతువుల గుండెను బయట కొట్టుకునేలా చేశాడు. 1902లో రష్యాలో కుల్యాబ్కో, చనిపోయి 20 గంటలైన పసిబిడ్డ గుండెను మళ్లీ కదిలించాడు. 1911లో లెవీ, తక్కువ మోతాదు క్లోరోఫాంతో కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని చూపించాడు. హైదరాబాద్ సగమే గెలిచింది. అయినా ఊపిరి చూడమన్న సలహా మాత్రం మంచిదే.

వీళ్లంతా కలిసి చెప్పింది ఒక్కటే: గుండె తనంతట తానే కొట్టుకుంటుంది. దానికి మెదడు హుకుం అక్కర్లేదు. రక్తం, ప్రాణవాయువు అందితే చాలు. మామూకు ఆ ప్రాణవాయువు ఇచ్చింది మిషన్.

ఇదంతా మొన్న అమ్మీకి చెప్పాను. చాలాసేపు తస్బీ తిప్పుతూ కూర్చుంది.

‘‘ఐతే నా తమ్ముడి ధడ్కన్ ఇంకెవరి సీనాలోనో ఉండేదేమో బేటా’’ అంది.

నా దగ్గర జవాబ్ లేదు.