సిక్కోలు వైపు నుంచి చూస్తే: పద్దు అడిగిన ప్రతిపక్షం

1954 నవంబరు 6న ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అవిశ్వాసానికి అనుకూలంగా 69 ఓట్లు, వ్యతిరేకంగా 68. రాష్ట్రం పుట్టి అప్పటికి పదమూడు నెలలే. ఆ గొడవకు మూలం మద్యనిషేధం. మద్రాసు ప్రభుత్వం నుంచి వారసత్వంగా వచ్చిన ఆ విధానం వల్ల ఆబ్కారీ ఆదాయం పోయింది, అమలు ఖర్చు మీద పడింది, సారా మాత్రం ఊళ్లలో ఆగలేదు. కల్లుగీత కులాల పొట్ట కొట్టింది. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పినా ప్రభుత్వం ఆ మాట వినలేదు. సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లా బారువలో పుట్టిన గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన సత్యాగ్రహం నడిపించారు. సభలో కమ్యూనిస్టులు అవిశ్వాసం పెట్టారు. ఒక విధానానికి ఎంత ఖర్చయింది, ఎవరికి మేలు జరిగింది అనే ప్రశ్న తెలుగు చట్టసభలో సర్కారును దించేంత దూరం వెళ్లిన మొదటి సందర్భం అదే.

ప్రభుత్వాన్ని పడగొట్టడం ఎప్పుడో గానీ జరగదు. ఏడాది పొడుగునా జరగాల్సింది లెక్క అడగడం. అందుకు ప్రతిపక్ష సభ్యుడి చేతిలో ఉన్న పనిముట్లు పైకి చిన్నవిగానే కనిపిస్తాయి. ప్రశ్నోత్తరాల్లో నక్షత్ర గుర్తు ప్రశ్న వేసి, మంత్రి జవాబు చెప్పగానే అనుబంధ ప్రశ్నతో పట్టుకోవచ్చు. పద్దుల మీద చర్చ వచ్చినప్పుడు కోత తీర్మానం ఇవ్వవచ్చు. విధానమే తప్పనుకుంటే ఆ పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని అడుగుతారు. ఫలానా ఊరి సమస్యను సభ దృష్టికి తేవాలనుకుంటే వంద రూపాయలు తగ్గించమంటారు. ఆ తీర్మానం నెగ్గదని ఇచ్చినవారికీ తెలుసు. అయినా మంత్రి లేచి నిలబడి ఆ ఊరి పేరు పలికి సమాధానం చెప్పాలి, అది సభ రికార్డులోకి ఎక్కాలి. రణస్థలం మండలంలోని ఒక మత్స్యకార పల్లె పేరు సర్కారు రికార్డులో పడటానికి ఇంతకంటే నేరైన దారి లేదు.

అసలు బలమైన పనిముట్టు ప్రజాపద్దుల సంఘం, అంటే పీఏసీ. బ్రిటిష్ పార్లమెంటులో 1861లో గ్లాడ్‌స్టన్ కాలంలో అది స్థిరపడింది. అక్కడ దాని అధ్యక్షత ప్రతిపక్షానిదే. మన దేశానికి మాంటేగ్-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలతో 1921లో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా రెండు దశాబ్దాలు అధికార పక్షమే ఆ కుర్చీలో కూర్చుంది. లెక్క రాసినవాడే లెక్క చూసుకున్న రోజులవి. 1967లో లోక్‌సభలో ఆ ఆనవాయితీ మారింది. పీఏసీ అధ్యక్షత తొలిసారి ప్రతిపక్షానికి, స్వతంత్ర పార్టీకి చెందిన మీనూ మసానీకి దక్కింది.

ఆ ఏటి ఎన్నికల్లో స్వతంత్ర పార్టీకి 44 సీట్లు వచ్చాయి, ప్రతిపక్షంలో అదే పెద్ద పార్టీ. దాని నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా. ఆయనది గుంటూరు జిల్లా నిడుబ్రోలు. 1967లో ఆయన్ని లోక్‌సభకు పంపింది మాత్రం శ్రీకాకుళం ఓటర్లు. సర్కారు పద్దులు చూసే పని ప్రతిపక్షం చేతికి మొదటిసారి వచ్చిన సభలో, ఆ ప్రతిపక్షంలోని పెద్ద పార్టీ అగ్రనేత మన సిక్కోలు ఎంపీ. వెనకబడిన జిల్లా అని పేరుపడిన నేల చేసిన ఈ పనిని మన పాఠ్యపుస్తకాలు గుర్తుచేయవు, గుర్తుచేయాలి.

అదే 1967లో, అక్టోబరు 31న, ఏజెన్సీలోని లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. శ్రీకాకుళ సాయుధ పోరాటం అక్కడి నుంచి రాజుకుంది. 1969 మార్చిలో కమ్యూనిస్టు నేత తరిమెల నాగిరెడ్డి శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి బయటికి నడిచారు. సభలో అడిగితే న్యాయం జరగదన్న నిస్పృహ ఎంత లోతుగా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. గిరిజనేతరుల మధ్య కూడా ఏజెన్సీ భూముల బదిలీని నిషేధించిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ ఆ తర్వాతే వచ్చింది. భూమి ప్రశ్న సభలో ఇంకా ముందే, ఇంకా గట్టిగా వినబడి ఉంటే అంత నెత్తురు పారేది కాదని నా నమ్మకం.

1978లో జనతా పార్టీకి రాష్ట్రంలో 60 సీట్లు వచ్చాయి. అప్పుడు సోంపేట నుంచి గెలిచి వచ్చిన లచ్చన్న సభలో ప్రతిపక్షానికి పెద్దదిక్కయ్యారు. 1983లో తెలుగుదేశం (టీడీపీ) గెలుపుతో రాజకీయం తిరగబడింది. 1999లో మన ఎచ్చెర్ల పేరు ఇంకో రకంగా పైకొచ్చింది. ఎచ్చెర్ల నుంచి పలుమార్లు గెలిచిన కావలి ప్రతిభాభారతి శాసనసభ తొలి మహిళా స్పీకరయ్యారు. ప్రతిపక్షం ఏ ప్రశ్న అడగొచ్చో, ఏ తీర్మానం చర్చకు రావాలో తేల్చే కుర్చీ అది. ఎదుటి బెంచీల్లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి. 2000 ఆగస్టులో కరెంటు చార్జీల పెంపు మీద సభలోనూ బయటా రగిలిన పోరాటం, ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు ఆ సభాకాలంలోనివే. విద్యుత్ సంస్కరణల విధానాన్ని ప్రతిపక్షాలు అంత పట్టుగా నిలదీయకపోతే 2004లో ముఖ్యమంత్రిగా రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత విద్యుత్తు ఫైలు మీద జరిగేది కాదు.

ఇక్కడ కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) నివేదిక ఎలా పనిచేస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. ఆడిట్ సిబ్బంది ఒక ఇంజనీరింగ్ డివిజన్‌కు వెళ్లి టెండర్లు, కొలతల పుస్తకాలు, బిల్లులు తిరగేస్తారు. తేడా కనిపిస్తే రాస్తారు. శాఖ జవాబు ఇవ్వాలి. జవాబు నిలవకపోతే ఆ అభ్యంతరం నివేదికలో ఒక పేరాగా చేరుతుంది. రాజ్యాంగం 151వ అధికరణ ప్రకారం ఆ నివేదిక గవర్నరుకు, అక్కడి నుంచి సభకు వస్తుంది. పీఏసీ ఆ శాఖ కార్యదర్శిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి పేరా పేరాకీ సంజాయిషీ అడుగుతుంది. సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమం జలయజ్ఞం మీద 2012 నాటి కాగ్ నివేదిక అలా వచ్చిందే. 86 ప్రాజెక్టులు, 1.86 లక్షల కోట్ల రూపాయల అంచనాలు, అనుమతులు రాకుండానే మొదలైన పనులు. వంశధార రెండో దశ కింద నీటికోసం ఏళ్లతరబడి కళ్లు కాయలు కాచిన రైతుకి ఆ నివేదిక పరాయి కాగితం కాదు.

రాష్ట్రం విడిపోయాక పీఏసీ కథ మరీ ఆసక్తికరం. 2014లో వైసీపీ తరఫున భూమా నాగిరెడ్డి అధ్యక్షుడయ్యారు, 2016లో అధికార పార్టీలోకి వెళ్లిపోయారు. తర్వాత బుగ్గన రాజేంద్రనాథ్ రెడ్డి ఆ కుర్చీలో కూర్చున్నారు, 2019లో ఆయనే ఆర్థికమంత్రి. 2019లో టీడీపీకి చెందిన పయ్యావుల కేశవ్ పీఏసీ అధ్యక్షుడయ్యారు. 41 వేల కోట్ల రూపాయల చెల్లింపులకు సరైన బిల్లులు, వోచర్లు లేవని 2021 జులైలో గవర్నరుకు ఫిర్యాదు చేశారు. జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది బుగ్గనకే. 2024లో కేశవ్ ఆర్థికమంత్రి అయ్యారు. నిన్న లెక్క అడిగినవాళ్లే ఇవాళ లెక్క చెప్పాల్సివచ్చింది. తవ్వడం నేర్చినవాడికి ఖజానాలో ఏది ఎక్కడ దాగుతుందో తెలుస్తుంది. ఆ తెలివిని మంత్రులయ్యాక పారదర్శకతకు వాడారా అన్నదాని మీదే వాళ్లను తూచాలి. 2021 ఆగస్టులో జీవోలు వెబ్‌సైటులో పెట్టడం ఆపేసిన ప్రభుత్వానికి ఆర్థికమంత్రి మాజీ పీఏసీ అధ్యక్షుడే. అది ముమ్మాటికీ తప్పు. 2024 ఆగస్టులో జీవోలు తిరిగి జనానికి అందుబాటులోకి వచ్చాయి.

సభను వదిలేసి పోవడం మరో జబ్బు. 23 మంది ఎమ్మెల్యేలు ఫిరాయించారంటూ వైసీపీ 2017 చివరి నుంచి సభకు రాలేదు. 2021 నవంబరులో అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు, ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని చెప్పి వెళ్లిపోయారు. 2024లో వైసీపీకి 11 సీట్లే వచ్చాయి. ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని సభకు దూరంగా ఉంటోంది. ఇద్దరి కోపంలోనూ న్యాయం ఉండొచ్చు, కానీ మంత్రిని అడగాల్సిన ప్రశ్నలు ఆ రోజుల్లో ఎన్నో అడగకుండానే మిగిలాయి. 2024 నవంబరు 22న పీఏసీ ఎన్నికను కూడా వైసీపీ బహిష్కరించింది. అధ్యక్షత జనసేన సభ్యుడు పులపర్తి రామాంజనేయులుకి, అంటే అధికార కూటమికే దక్కింది. 1967 నాటి ఆనవాయితీ మన రాష్ట్రంలో అలా తెగింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 2024లో ప్రతిపక్ష ఎమ్మెల్యే ఒక్కరూ లేరు. ఎచ్చెర్ల సీటు కూటమిలోని బీజేపీకి వెళ్లింది. చీపురుపల్లిలో ఓడిన బొత్స సత్యనారాయణ శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఆయన్ని ఓడించిన కిమిడి కళావెంకటరావు 2014లో ఎచ్చెర్ల నుంచి గెలిచినవారే. ఇప్పటికి ఈ రెండు జిల్లాల తరఫున ప్రభుత్వాన్ని నిలదీయగల, ప్రతిపక్ష నాయకుడి హోదా ఉన్న గొంతు మండలిలో ఉన్న ఆ ఒక్కటే.

అడగాల్సినవి మాత్రం తక్కువ లేవు. ఎచ్చెర్ల నియోజకవర్గంలోని కొవ్వాడనే చూడండి. ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు అన్నారు. 2016లో భారత, అమెరికా నేతల సంయుక్త ప్రకటనలో ఈ రియాక్టర్ల మాట వచ్చింది. రియాక్టర్లు ఇవ్వాల్సిన వెస్టింగ్‌హౌస్ 2017 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. ఊళ్ల భూములు పోతాయన్న భయంలో జనం ఏళ్లకేళ్లు బతికారు. భూసేకరణకు ఎంత ఖర్చయింది, పరిహారం ఎవరికి చేరింది, కరెంటు యూనిట్ ఎంత పడుతుంది, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది? ఇవన్నీ పార్లమెంటులోనూ శాసనసభలోనూ పదేపదే అడగాల్సిన ప్రశ్నలు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలదీ, బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బరుదీ అదే దారి.

పీఏసీ అధ్యక్షత ప్రతిపక్షానికే దక్కేలా సభ నియమావళిలో రాయించుకోవాలి. అధికారంలో ఎవరున్నా సరే, ఆనవాయితీ మీద ఆధారపడితే చాలదని 2024 తేల్చి చెప్పింది. వైసీపీ సభ్యులు హోదా ఉన్నా లేకపోయినా వచ్చి ప్రశ్నలు వేయాలి. కూటమిలోని ఉత్తరాంధ్ర ఎమ్మెల్యేలు కూడా సొంత సర్కారును అడగడానికి మొహమాటపడకూడదు. కాగ్ నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు, జీవోలు చదువుకోవచ్చు, సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. ఈసారి మీ ఎమ్మెల్యే ఊళ్లోకి వచ్చినప్పుడు, కిందటి సమావేశాల్లో మన మండలం గురించి ఏ ప్రశ్న వేశారో అడగండి.