బోర్డు అదే, ప్రాసెసర్ మారింది

మే నెల మిట్టమధ్యాహ్నం. బనగానపల్లె బజార్లో మామిడికాయల లారీలు తప్ప ఇంకేవీ కదలడం లేదు. వేడి లోపలికి కొట్టకుండా కంప్యూటర్లు బాగుచేసే భాయ్ కొట్టు షట్టరు సగం దించి ఉంది. రండి, తల వంచి లోపలికి.

బల్ల మీద పక్క రేకు ఊడదీసిన క్యాబినెట్. దాని ముందు ఒక కుర్రాడు, నంద్యాలలో డిప్లొమా చదువుతున్నాడు. వెనక స్టూలు మీద వాళ్ల మేనమామ, జేబులో 10,000 రూపాయలు. భాయ్ టార్చి వేసి కూలర్ రెక్కల సందుల్లోకి చూపిస్తున్నాడు. మీరూ చూడండి. ఇళ్లలో పేరుకునే నల్లటి దుమ్ము కాదది. తెల్లగా, మెత్తగా, వేలికి అంటుకునే పొడి. ఊరి చుట్టూ నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలే. ఆ రాతిపొడి ఇక్కడ ఏ ఇంటినీ వదలదు. బ్లోయర్ పట్టగానే గుప్పుమని లేచి షట్టరు కింది ఎండలో తేలుతోంది.

"భాయ్, ఆట ఆగి ఆగి వస్తాంది. ప్రాసెసర్ మార్చాల్సిందేనా?"

"ఉండప్పా. ముందు యాడ ఇరుక్కుందో చూడనీ."

నాకీ మనిషి మీద గౌరవం కలిగింది ఈ మాట దగ్గరే. అమ్మేవాడు ఎవరైనా ముందు డబ్బా తెచ్చి బల్ల మీద పెడతాడు. ఈయన ముందు దుమ్ము దులిపాడు. కూలర్ మూసుకుపోతే ప్రాసెసర్ కాగి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 43 డిగ్రీల ఎండలో ఆ సంగతి ముందు తేల్చుకోవాలి. తర్వాత బయోస్ తెరిచాడు. 3000 అని రాసి ఉన్న ర్యాములు 2133 దగ్గరే నడుస్తున్నాయి. ఎక్స్‌ఎంపీ అనే ఒక్క మీట ఎవరూ వేయలేదు. వేశాడు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు జీటీఏ 5 పెట్టారు. తెర మూలలో అంకెలు కనబడుతున్నాయి కదా, అక్కడే చూపు నిలపండి. నాలుగు కోర్లూ 100 శాతం. గ్రాఫిక్స్ కార్డు, జీటీఎక్స్ 1650, 60 శాతం చుట్టూ తిరుగుతోంది. బండి సందు మలుపు తిరిగిన ప్రతిసారీ బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుని మళ్లీ కదులుతోంది. భాయ్ తెర రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించాడు. కార్డుకు పని సగానికి పైగా తగ్గినట్టే. ఫ్రేముల లెక్క మాత్రం కదల్లేదు.

"చూసినావా? కార్డు ఖాళీగా కూచోనుంది. ఇచ్చేవాడే ఇయ్యలేకుండాడు."

రెండు నిమిషాల పని ఇది. కార్డు 97, 98 శాతం దగ్గర ఉండి ఉంటే ప్రాసెసర్ మార్చి లాభం లేదని కూడా ఈ రెండు నిమిషాల్లోనే తేలిపోయేది. ఈ పరీక్ష చేసుకోకుండా డబ్బు పెట్టే పిల్లలను తలుచుకుంటే నాకు బాధేస్తుంది. ఆ 10,000 వెనక ఎవరిదో ఒక నెల కష్టం ఉంటుంది.

లోపల ఉన్నది రైజెన్ 3 1200. 2017లో వచ్చింది. నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. బోర్డు బి450.

"కొత్త కంప్యూటరే కొంటే పోలా భాయ్?" మేనమామ అడిగాడు.

"ఎందుకన్నా? బోర్డు బంగారం లాంటిది ఉంటే!"

ఆ మాట ఊరికే అన్నది కాదు. అదే 2017లో ఇంటెల్ ఐ3 8100 కొన్నవాళ్ల సంగతి చూడండి. ఆ బోర్డులు 9వ తరం దగ్గరే ఆగిపోయాయి. 2020లో 10వ తరానికి ఒక సాకెట్, 2021లో 12వ తరానికి ఇంకొకటి. ఈ బి450లో ఉన్న ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ మాత్రం నిలబడింది. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా అందులోనే కూర్చుంటుంది. ఆ ఏడాదే పాత 300 సిరీస్ బోర్డులకూ దారి తెరిచారు. బెంచ్‌మార్కు పట్టికల్లో ఎవరు ముందున్నారన్న దానికన్నా, చిన్న ఊరి పిల్లవాడికి ఈ ఒక్క సంగతి ఎక్కువ మేలు చేసిందని నేను నమ్ముతాను. కొత్త ఏఎం5కు పోతే బోర్డు మారాలి, డీడీఆర్5 ర్యామూ కొనాలి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకినప్పటి నుంచి ఆ దారి మరీ బరువైంది.

ఇక ఏది? భాయ్ కాగితం మీద రాస్తున్నాడు. పాతది దొరికితే 3600. కొత్తదైతే 5500, లేదా 5600. మూడింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు. ఇప్పుడున్న 1200 కూడా 65 వాట్లదే కాబట్టి పవర్ సప్లై మార్చే పని లేదు. 5500, 5600 పేర్లు పక్కపక్కన ఉన్నా లోపల తేడా పెద్దదే. 5500లో ఎల్3 క్యాషే 16 ఎంబీ, 5600లో 32. వంట చేసేవాళ్లకు పోపుల పెట్టె చేతికందే దూరంలో ఉండటం ఎంతో, ఆటలకు ఈ క్యాషే అంత. 1200లో ఉన్నది 8 ఎంబీయే. కుర్రాడు 5700ఎక్స్3డీ పేరెత్తాడు. 96 ఎంబీ! భాయ్ తల అడ్డంగా ఊపాడు. 1650 కార్డు పక్కన అది పెడితే, ఈసారి ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటుంది. మిగిలిన డబ్బు కార్డుకు దాచుకొమ్మన్నాడు. 5600 కింద గీత గీశాడు.

సికింద్రాబాద్ సీటీసీలోని ఒక కొట్టుకు ఫోన్ కలిపాడు. అవతలివాడు ట్రే చిప్పు రేటు చెబుతున్నాడు. డబ్బా ఉండదు, కూలర్ ఉండదు, కంపెనీ వారంటీ ఉండదు, అమ్మినవాడి మాటే వారంటీ. రేటు తక్కువే. "మాకు బాక్సే పంపించు. మూడేండ్ల వారంటీది," అన్నాడు భాయ్. నేనైనా అదే అనేవాణ్ణి.

పార్సిల్ వచ్చిన రోజుకు వద్దాం. పాత చిప్పు ఇంకా బోర్డులోనే ఉంది. ఉండాలి కూడా. బోర్డు కంపెనీ పట్టికలో 5600 ఎదురుగా ఒక బయోస్ వెర్షన్ నంబరు ఉంటుంది. ముందు అక్కడిదాకా ఎక్కించాకే పాతది తీయాలి. పెన్‌డ్రైవ్ గుచ్చాడు. యూపీఎస్ బ్యాటరీ మరోసారి చూసుకున్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటును నమ్మి బయోస్ రాయకూడదు, మధ్యలో పోతే బోర్డు లేవదు. గీత నిండుతోంది. నలభై శాతం. అరవై. పైన ఫ్యాన్ ఆగింది. కరెంటు పోయింది. యూపీఎస్ కూతపెడుతోంది, తెర మాత్రం వెలుగుతూనే ఉంది. కుర్రాడు మామ భుజం పట్టుకున్నాడు. తొంభై. నూరు. బోర్డు తనంతట తాను ఆగి మళ్లీ లేచింది.

తర్వాత ఒక పది నిమిషాలు ఊరికే ఆట ఆడించాడు, పేస్టు వెచ్చబడి మెత్తబడటానికి. ఆపి, తీగలు పీకి, నాలుగు స్క్రూలు వదులుచేసి కూలర్‌ను పైకి లాగకుండా కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పుతున్నాడు. ఏఎం4లో పిన్నులు చిప్పుకే ఉంటాయి, 1331. గట్టిపడ్డ పేస్టుతో గుంజితే చిప్పు కూలర్‌కు అంటుకునే లేచొచ్చి, పిన్నులు వంగుతాయి. చిన్న చప్పుడుతో పట్టు వదిలింది. మీట ఎత్తి పాతది తీశాడు. కొత్తదాని మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ గుర్తుకు సరిపెట్టి వేలు తీసేశాడు. దాని బరువుకు అదే దిగింది. నొక్కాల్సి వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే.

మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది. కంగారు పడొద్దు, ర్యామును కొత్తగా కొలుచుకుంటోంది. తర్వాత ఒక ప్రశ్న: కొత్త ప్రాసెసర్ కనబడింది, ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయాలా? డిస్కుకు బిట్‌లాకర్ తాళం పెట్టుకున్నవాళ్లు రికవరీ కీ చేతిలో లేకుండా ఇక్కడ అవును అనకూడదు. వీడికి బిట్‌లాకర్ లేదని భాయ్ ముందే చూసుకున్నాడు. వై నొక్కాడు. ఇంకో మేలు కూడా జరిగింది. మొదటి తరం రైజెన్లకు విండోస్ 11 అనుమతి లేదు, విండోస్ 10 మద్దతేమో 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇప్పుడు ఆ అడ్డు పోయింది.

మళ్లీ జీటీఏ 5. అదే సందు, అదే మలుపు. బండి ఆగకుండా తిరిగింది. కుర్రాడు కావాలనే వెనక్కి వచ్చి ఇంకోసారి తిప్పాడు. మూలలో కార్డు 97 శాతం చూపిస్తోంది, ప్రాసెసర్ సగం కూడా వాడటం లేదు.

"భాయ్, ఈ పాతది ఏం చేద్దాం?"

పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయి. భాయ్ దాన్ని కొత్త చిప్పు వచ్చిన ప్లాస్టిక్ డొప్పలో పెట్టి మూశాడు.

"పడేయొద్దు. మీ పక్కింటి డీటీపీ సెంటర్‌లో ఏఎం4 బోర్డు మీద పాత ఏ6 నడుస్తాందన్నావు కదా. సాయంత్రం పోయి ఆ బోర్డు నంబరు రాసుకొని, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉందేమో చూసి రా, దీంట్లో గ్రాఫిక్స్ లేదు. కార్డుంటే ఆయప్పకు ఇది శానా ఎక్కువ. ఎంతో కొంత ఇస్తాడు, నీకు కార్డు డబ్బుల్లోకి వస్తుంది."