వలస ఎవరిది? నివాసం ఎవరిది?

సైనిక్‌పురికి ఆ పేరు అక్కడ ఇళ్లు కట్టుకున్న మాజీ సైనికుల వల్ల వచ్చింది. వాళ్లు దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు. అయినా వాళ్లను ఎవరూ 'వలసొచ్చిన్రు' అనరు, 'సెటిలయిన్రు' అంటారు. దగ్గర్లోని నాచారం పారిశ్రామికవాడలో పనికి ఒడిశా నుంచో, బీహార్ నుంచో వచ్చినవాడు మాత్రం ఎన్నేళ్లున్నా 'వలస కూలీ'యే. చేసింది ఒకే పని, ఊరు మారడం. మాటలు మాత్రం రెండు. మాటలు కూడా మనిషిని చూసి మారతాయన్నమాట.

'వలస' ద్రావిడ మాట. తమిళంలో వలసై, కన్నడంలో వలసె ఉన్నాయి. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు దీనికి శత్రుసైన్యం భయంతో ఇల్లు విడిచి పోవడమనే అర్థం చెప్పింది. అంటే ఇది తరమబడ్డవాళ్ల మాట. ఉత్తరాంధ్రలో కొత్తవలస, ఆమదాలవలస లాంటి ఊళ్ల పేర్లలో ఆ మాట ఇప్పటికీ నిలిచి ఉంది. తర్వాత చదువుకున్నవాళ్లు బ్రిటిష్ దొరతనానికి 'వలస పాలన' అని పేరు పెట్టారు. తరిమినోడికీ, తరమబడ్డోడికీ ఒకటే మాట అంటగట్టారు.

'కాలనీ' కథ ఇంకా విచిత్రం. లాటిన్‌లో కొలోనస్ అంటే సేద్యం చేసేవాడు, కొలోనియా అంటే అలాంటివాళ్లు కొత్తగా నిలిచిన చోటు. మన దగ్గర ఆ మాట రెండుగా చీలింది. పట్నంలో డిఫెన్స్ కాలనీ అంటే గౌరవం. పల్లెలో 'కాలనీ' అంటే చాలు, మాలమాదిగల ఇళ్లని అర్థం. దాని పాత పేరు వెలివాడ. వెలి అంటే బయట. తరతరాలుగా అక్కడే పుట్టి, అక్కడే చచ్చినా బయటివాళ్లే! మనవాళ్లు పరాయివాళ్లు కావడానికి పొలిమేర దాటాల్సిన పనే లేదు.

నిజాం రాజ్యంలో 'ముల్కీ' మాట వచ్చింది. అరబ్బీ 'ముల్క్' అంటే రాజ్యం, దేశం. 1919 ఫర్మానా 15 ఏళ్ల స్థిరనివాసాన్ని ముల్కీ హోదాకు ఒక దారిగా పెట్టింది. 1952లో, 1969లో విద్యార్థులు ఆ హక్కు కోసమే వీధికెక్కారు. న్యాయమైన కోపమే. కానీ బడి గడప తొక్కనియ్యని వాడికి నౌకరీలో ముల్కీ హోదా ఎంతవరకు అక్కరకొచ్చింది? ఈ ప్రశ్న మనమే వేసుకోవాలి.

దళితులు ఈ మాటల ఆటను తిరగేశారు. 1917లో బెజవాడ సభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. అక్కడ 'పంచమ' పేరును కాదని 'ఆది ఆంధ్ర' అన్నారు. మేం ముందునుంచీ ఉన్నవాళ్లం, వచ్చింది మీరు అని దాని భావం. ఫూలే 1873లో 'గులాంగిరీ'లో బ్రాహ్మణులే బయటినుంచి వచ్చారని వాదించాడు. అంబేద్కర్ మాత్రం 1946లో ఆర్యజాతి దండయాత్ర సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. కాబట్టి 'ఆది'ని నెత్తుటి లెక్కగా చూడొద్దు, ఈ నేల మీద హక్కు ప్రకటనగా చదవాలి.

ఆ హక్కు నేటికీ సరిహద్దు దగ్గర ఆగిపోతున్నది. 341వ అధికరణం షెడ్యూల్డ్ కులాలను రాష్ట్రాలవారీగా లెక్కిస్తుంది. ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ మరో రాష్ట్రానికి పోతే అక్కడ ఆ రిజర్వేషన్ అడగలేడని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది, 2018లో బీర్ సింగ్ కేసులోనూ అదే నిలబెట్టింది. ఒడిశా నుంచి నాచారం వచ్చిన దళితుడి వెంట అంటు వస్తుంది, ధ్రువపత్రం రాదు. 2014 తర్వాత శ్రీకాకుళం నుంచి వచ్చేవాడికీ ఇదే గతి.

పనికి పోయేవాడు తనను తాను 'వలస' అనుకోడు. 'బతకపోయిన' అంటడు. బతుకుదెరువులో తెరువంటే దారి. అది బతికే దారి అడిగే మాట. కరపత్రం రాసినా, సర్వే చేసినా మనం 'వలస కూలీ' అని గీత గీసి ఊరుకోవద్దు. నీ కులం ఏది, నీ కాగితం ఏ రాష్ట్రానిది, ఇక్కడ చెల్లుతున్నదా అని కూడా అడగాలి. ఆ లెక్క తీయకుండా కోట్లాట మొదలుకాదు.